టర్బో బండికి మందాగ్ని, తీక్ష్ణాగ్ని

ఖమ్మము నుండి భద్రాచలమునకు దాదాపు 120 కిలోమీటర్ల దారి. కొత్తగూడెము దాటినది మొదలు అడవి ప్రక్కగా సాగు ఈ దారిని శ్రీరామనవమికి పోవు కార్లకు లెక్క లేదు. చైత్రమున ఎండ ముదురును. వైశాఖ జ్యేష్ఠములలో 45 డిగ్రీలు దాటు దినములు ఈ సీమలో అరుదు కావు. అట్టి మిట్టమధ్యాహ్నమున ఏడుగురెక్కిన కారు, ఏసీ నడచుచుండగా, తెల్లవారుజామున లాగినట్లు లాగదు. "పుల్లింగు లేదు" అని డ్రైవరు విసుగుకొనును. "థర్మోస్టాటు పీకివేసిన సరి" యని షెడ్డులోని మెకానిక్కు సెలవిచ్చును. ఈ చికిత్స రోగమునకు తగినదేనా యన్నది నేటి విచారణ.

ఇంజనుకు ఆహారము రెండు విధములు: ఇంధనము, గాలి. ఇంధనము నెంతయైన పోయవచ్చును గాని, దానిని దహించుటకు తగిన గాలి లేనిచో నల్లపొగయే మిగులును. స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖీ 1905లో పేటెంటు పొందిన ఉపాయము ఈ కొఱత తీర్చునదే. ఇంజను విడిచిపుచ్చు పొగతో ఒక చిన్న చక్రమును త్రిప్పి, అదే యిరుసు రెండవ కొననున్న చక్రముచేత బయటి గాలిని అదిమి లోనికి నెట్టుట దాని రహస్యము. ఆ యిరుసు నిమిషమునకు లక్షకు మించి చుట్లు తిరుగును. పాఱవేయు పొగతో పని చేయించుకొనుట గృహస్థునకు మెచ్చదగిన పొదుపే. కాని దానితోపాటు వేడిమి యను చిక్కు వచ్చి పడినది.

సైకిలు పంపుతో గాలి కొట్టిన పిల్లవానికి పంపు అడుగు చురుక్కుమనుట తెలియును. గాలిని అదిమినచో వేడెక్కును. 45 డిగ్రీల గాలిని రెండింతల వత్తిడికి అదిమినచో, లెక్క ప్రకారమే 115 డిగ్రీలగును. యంత్రము నందలి లోపముల వలన వాస్తవముగా 130 దాటును. వేడిగాలి పలుచన. కావుననే ఇంటర్‌కూలరను జల్లెడవంటి పరికరమున దానిని చల్లార్చి లోనికి పంపుదురు. అయితే ఆ పరికరమును చల్లార్చునది బయటి గాలియే గదా! బయట 45 డిగ్రీలున్నప్పుడు లోనిది అంతకు తక్కువ కాజాలదు. పుష్యమాసపు వేకువను 15 డిగ్రీల గాలితో పోల్చినచో, అంతే పరిమాణము గల వేసవి గాలి పదింట నొక పాలు తేలిక. ఆ మేరకు బలము తగ్గుట ప్రకృతి ధర్మము. దీనికి ఏ మెకానిక్కు వద్దను మందు లేదు, అక్కఱయు లేదు.

రెండవ విధమైన తగ్గుదల వేఱు. అది బండి తానై బుద్ధిపూర్వకముగా చేసికొనునది. నేటి కార్లలో ఇంజను నేలు కంప్యూటరు కలదు. ఇంజను చుట్టును తిరుగు నీటి వేడిమి సామాన్యముగా 90 డిగ్రీల ప్రాంతమున నుండును. అది 110 దాపునకు పోయినచో కంప్యూటరు ఇంధనమును కుదించును, టర్బో వత్తిడిని దించును, పెక్కు బండ్లలో ఏసీని సైతము ఆపును. పెట్రోలు బండ్లలో ఇంధనము అకాలమున అంటుకొని టకటక కొట్టకుండ నిప్పురవ్వను ఆలస్యము చేయును. ఇది క్రొత్త తెలివి కాదు. 1962లో అమెరికాలో వెలువడిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అను టర్బో కారులో అట్టి దెబ్బ తగులకుండ నీరు, మిథనాలు కలిపిన ద్రవమును గాలిలో చల్లెడువారు. ఆ ద్రవము నిండుకొనగానే టర్బో బలమును కట్టివేయు కవాటమును నాడే అమర్చిరి. జ్వరితునకు వైద్యుడు విధించు లంఘనము వంటిది గాని, ఇది జబ్బు కాదు. లంఘనమున నున్నవానిని గంప నెత్తుమని అదలించినట్లు, ఆక్సిలరేటరును నేలకు త్రొక్కుట మాత్రము తగదు.

ఇక థర్మోస్టాటు మాట. మన ఆయుర్వేదము జఠరాగ్నికి నాలుగవస్థలు చెప్పినది: మందము, తీక్ష్ణము, విషమము, సమము. సమాగ్నియే ఆరోగ్యము. ఇంజనునకును అంతే. నీరు వేడెక్కువఱకు రేడియేటరు దారి మూసి, వేడెక్కిన పిదప తెఱచు చిన్న ద్వారపాలకుడే థర్మోస్టాటు. వానిని తొలగించినచో ఇంజనుకు మందాగ్ని పట్టును. నూనె చిక్కగానే యుండును, ఇంధనము పూర్తిగా దహింపక మసి పెరుగును. కొన్ని ఇంజనులలో నీరు రేడియేటరునకు పోక అడ్డదారినే తిరిగి, వేడి మఱింత హెచ్చుటయు కలదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్ 6 నియమములకు లోబడిన డీజిలు కార్లలో మసిని పట్టు జాలి యొకటి యున్నది. ఇంజను తగిన వేడికి రానిచో ఆ మసి కాలదు, జాలి పూడుకొనును, అప్పుడు కంప్యూటరు బండిని కుంటినడకలో పెట్టును. పుల్లింగు కొఱకు చేసిన చికిత్స వలననే పుల్లింగు పోవును!

మన సీమలో అసలు దోషము తఱచు ఇంతకన్న చిన్నది. కారు ముందు భాగమున ఏసీ జాలి, ఇంటర్‌కూలరు, రేడియేటరు పెక్కు బండ్లలో ఒకదాని వెనుక నొకటి నిలుచును. ఖమ్మము పత్తి బండ్ల దూది, ఎఱ్ఱమట్టి దుమ్ము, బొగ్గు లారీల నలుసు, రాత్రి అడవిదారిలో కొట్టుకొను పురుగులు — ఇవన్నియు వాని రేకుల నడుమ మెత్తినచో గాలి చొరదు. వేసవికి ముందు ఇంజను వైపు నుండి మెల్లని నీటిధారతో కడిగించినచో చాలవఱకు తీరును. బోరు నీటిని రేడియేటరులో పోయుట మఱియొక దురాచారము. అందలి సున్నము పింగాణీవలె లోపల పేరుకొనును. కూలెంటును శుద్ధజలముతో కలిపి పోయవలెను. మూత రబ్బరును చూడవలెను: మూత వత్తిడిని నిలుపుట చేతనే లోని నీరు 120 డిగ్రీల వఱకు మఱగక నిలుచును. మూత వదులైనచో నూఱు డిగ్రీలకే పొంగును. వేడిమీద దానిని విప్పిన చేయి బొబ్బలెక్కుట నిశ్చయము.

చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కువారికి మఱియొక మాట. అచ్చట బండి వేగము తక్కువ, ఎదురుగాలి తక్కువ, శ్రమ మాత్రమెక్కువ. పైగేరులో ఈడ్చుకొని పోక క్రింది గేరు వేసినచో ఇంజను తేలికగా తిరుగును. నీటిపంపును వడిగా త్రిప్పును. సూచి పైకి ప్రాకుచున్నచో ఏసీ ఆపవలెను. కొండపైకి చేరగానే తాళము త్రిప్పి దిగిపోరాదు. టర్బో యప్పటికి నిప్పువలె నుండును. ఇంజను ఆగినచో ఆ యిరుసున తిరుగు నూనె నిలిచి మాడి బొగ్గగును. ఒకటి రెండు నిమిషములు బండిని ఊరక నడువనిచ్చి, పిమ్మట ఆపవలెను.