ఆకు పసరు, మాత్ర, మన నెత్తురు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, హకీమునూ కాను. ఉర్దూ మీడియం బడిలో సైన్సు పాఠాలు చెప్పుకొనే పంతులును. అయినా ఈ విషయం మాట్లాడతానని నేనే అడిగాను. ఎందుకో చివర చెబుతాను.

చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే మా నానీ గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండేది. కాసేపటికి నెత్తురు ఆగేది. ఆ పసరుకు నెత్తురును త్వరగా గడ్డకట్టించే గుణం ఉన్నట్టు ప్రయోగశాల పరీక్షల్లోనూ కనబడింది.

గాయమైనప్పుడు మొదట ప్లేట్‌లెట్లు అనే కణాలు అక్కడ గుమిగూడి అడ్డుపడతాయి. ఆపైన ఫైబ్రిన్ దారాలు వలలా అల్లుకుని గడ్డ బిగుస్తుంది. ఇందుకు కావలసిన కొన్ని ప్రోటీన్లను కాలేయం తయారు చేయాలంటే విటమిన్ కె ఉండాలి. అది పాలకూర, తోటకూర, మునగాకుల్లో దండిగా ఉంటుంది.

దీనికి ఎదురు పని చేసే మొక్కలూ ఉన్నాయి. 1920లలో కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ కొమ్ములు కోసిన పశువులు నెత్తురు ఆగక చచ్చిపోయేవి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ మేతే కారణమని పశువైద్యులు కనిపెట్టారు. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన చచ్చిన పెయ్యను, గడ్డకట్టని నెత్తురు నింపిన పాల క్యానును తీసుకుని మంచు తుపానులో ప్రొఫెసర్ కార్ల్ లింక్ ప్రయోగశాలకు వచ్చాడు. ఏళ్ళ తరబడి శ్రమించి లింక్ బృందం ఆ గడ్డిలోని డైకుమరాల్‌ను విడదీసింది. ఆ దారిలోనే వార్ఫరిన్ పుట్టింది. 1948లో అది ఎలుకల మందు, 1954లో మనుషుల మందు! తేడా అంతా మోతాదులోనే ఉంది.

వెల్లుల్లి కూడా ప్లేట్‌లెట్లను కొంతవరకు అతుక్కోనివ్వదు. కూరలో రెండు రెబ్బలు వేస్తే భయం లేదు. గిన్నెడు రసం తీసి రోజూ తాగడం వేరు సంగతి.

ఇక నా మాట. మా అబ్బాజాన్‌కు గుండె కవాటం మార్చారు. రోజూ వార్ఫరిన్ మాత్ర, నెలనెలా ఐఎన్‌ఆర్ పరీక్ష. ఒక బంధువు ప్రేమకొద్దీ వెల్లుల్లి, అల్లం రసం నుస్ఖా చెప్పారు. మూడు వారాలు పరగడుపున తాగారు. చిగుళ్ళ నుంచి నెత్తురు మొదలైంది. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టరు అడిగితే అబ్బాజాన్ లేదని తల ఊపారు. నాకు తెలుసు. తండ్రి మాట కాదనలేక నోరు మూసుకున్నాను. ఆ రాత్రి ముక్కు నుంచి నెత్తురు ధార కట్టింది. అప్పుడు చెప్పాను. ఆ రసం వల్లే కావచ్చునన్నారు డాక్టరు. రసం మాన్పించి, విటమిన్ కె ఇచ్చి కాపాడారు. సైన్సు పంతులును, చెప్పవలసిన చోట చెప్పలేకపోయాను!

అందుకే నా మనవి. ఈ మాత్రలు వాడేవారు ఏ పసరు, కషాయం మొదలుపెట్టినా ముందు డాక్టరుకు చెప్పండి. మాత్ర సొంతంగా మానకండి. ఆకుకూరలు మానక్కర్లేదు, ఒక వారం దండిగా, ఒక వారం అసలు లేకుండా కాక, ఎప్పుడూ ఒకే తీరుగా తినండి. పన్ను తీయించుకునే ముందు మాత్ర సంగతి చెప్పండి. రంజాన్‌లో మాత్ర ఏ వేళకు వేసుకోవాలో ముందే అడగండి.

ఇంట్లో పెద్దలు దాస్తే పిల్లలు చెప్పండి. అది అమర్యాద కాదు.

సెలవు.