పెంకుముక్క చెప్పు సాక్ష్యము

వానకాలమునకు ముందు గూనపెంకుల కప్పు సర్దించుకొనుట చండ్రుగొండ వైపు అడవిపల్లెలలో పాత అలవాటు. పైకెక్కినవాడు ప్రతి పెంకును వ్రేలి కణుపుతో కొట్టి చూచును. ఖంగుమన్నది కప్పు మీదనే ఉండును, బొదబొదమన్నది దొడ్డిలో పడును. మట్టి చక్కగా కాలినదా, లోపల బీట ఉన్నదా అను సంగతి ఆ ఒక్క దెబ్బతో చెవికి తెలియును. నేడు నేను మనవి చేయబోవు శాస్త్రపరీక్షలు ఈ దెబ్బకు చుట్టములే.

గ్రీసు దేశమున క్రీ. పూ. 7వ శతాబ్దిలో దేవాలయములకు మట్టిపెంకుల కప్పులు వచ్చినవి. కొరింథు నగరము ఆ పనికి పేరుపొందినది. పెంకులేగాక, చూరునకు రంగుల పలకలు, వాననీరు జారుటకు సింహముఖపు తూములు, అన్నియు కాల్చిన మట్టితోనే చేసిరి. అట్టి ముక్కనుండి పలుచని బిళ్ళ కోసి, మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందము మిగులువరకు అరగదీసినచో, వెలుతురు దాని గుండ పోవును. అప్పుడు సూక్ష్మదర్శినిలో మట్టి వేరు, అందు కలిపిన రేణువులు వేరుగా కానవచ్చును. కొరింథు పనివారు మెత్తని రాతిని దంచి మట్టిలో కలిపిరని ఇట్లే తెలిసినది. పెద్ద పెంకు ఆరునప్పుడు వంకరపోకుండ, పగులకుండ అది కాపాడును. మన కుమ్మరి ఊకయో, ఇసుకయో, లద్దెయో కలుపుటకు కారణమిదియే.

రంగు కూడ సాక్షియే. మట్టిలోని ఇనుము, గాలి ధారాళముగా ఆడు ఆవములో ఎఱ్ఱబడును. పొగ క్రమ్మి గాలి చాలనిచోట నల్లబడును. ముక్కను విరిచి చూచినప్పుడు అంచులెఱ్ఱగా, నడుమ నల్లచారగా ఉన్నచో, లోపలి బొగ్గు కాలకముందే మంట ఆగినదని అర్థము. ఎంత వేడిమి తగిలినదో తెలియుటకు ముక్కను కొంచెము కొంచెముగా తిరిగి కాల్చుదురు. పూర్వము సోకిన వేడిమి దాటువరకు అందు పెద్ద మార్పు రాదు. దాటగానే అది కుదించుకొనసాగును.

ఇక మన సంగతి. సంగారెడ్డి సమీపమున కొండాపురములో 1940 ప్రాంతమున హైదరాబాదు పురావస్తు శాఖవారు త్రవ్వించినప్పుడు శాతవాహనుల నాటి మట్టిబొమ్మలు అనేకము బయటపడినవి. వానిలో తెల్లని సుద్దమట్టితో, ముందువెనుకలకు రెండచ్చులు పోసి చేసినవి మిక్కిలి సొగసైనవి. ఈ రెండచ్చుల పని రోమను వర్తకుల వలన వచ్చినదని కొందరు పండితుల ఊహ. కావచ్చును. కాని రూపము చూచి పుట్టిల్లు నిర్ణయించుట నాకు సమ్మతము కాదు. అచ్చు ఓడనెక్కి రావచ్చును, నేర్పు మనిషి వెంట రావచ్చును. మట్టి మాత్రము తాను పుట్టిన నేలనే పట్టుకొని ఉండును. పదిలక్షల పాళ్ళలో కొన్ని పాళ్ళుగా మాత్రమే ఉండు ధాతువులను లెక్కించి, ఆ లెక్కను దగ్గరి మట్టిగనుల లెక్కతో పోల్చినచో, వస్తువు దిగుమతి సరకా, ఇక్కడి చేతిపనియా అని చెప్పుటకు వీలగును.

మన ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లిలో బౌద్ధుల ఇటుక స్తూపమున్నది. అచ్చటి దిబ్బలను జనులు విరాటరాజు కాలమువని చెప్పుకొందురు. కథ కథగా ఉండనిండు. ఇటుకకు సొంత గడియారమొకటి ఉన్నది. నేలలోని స్వల్ప కిరణశక్తిని ఇటుకలోని పలుగురాతి రేణువులు ఏటేట దాచుకొనును. ప్రయోగశాలలో సుమారు 500 డిగ్రీలకు కాచినప్పుడు ఆ దాచినది సన్నని వెలుగై బయటపడును. ఆవములో కాలిననాడు అది సున్న. ఆపైని కూడినదే దాని వయస్సు. రెండువేల యేండ్ల ఇటుకకు నూటినుండి రెండువందల యేండ్ల వరకు తేడా రావచ్చును. అయితే ఇటుకతోపాటు అది పడియున్న మన్ను కూడ కావలెను. ఏటికెంత శక్తి కూడినదో ఆ మన్నే చెప్పవలెను.

అందుచేత పొలములో వెడల్పైన పాత ఇటుక నాగలికి తగిలినప్పుడు, కడిగి ఇంటికి తెచ్చుకొనక, ఉన్నచోటనే ఉంచి పురావస్తు శాఖవారికి కబురంపుడు. అట్టి ఇటుకలు మూడింటిని పొయ్యికి ఆనుగా పెట్టిన ఇల్లొకటి నేను చూచితిని. ఇల్లాలు వానిని తుడిచి ముగ్గు కూడ పెట్టినది. పాపము, ఆమె తప్పేమియు లేదు. కాని మంట బాగుగా సోకిన ప్రక్కను ఇప్పుడు పరీక్షించినచో శాతవాహనుల మాట రాదు, ఆ యింటి కడపటి పెద్దవంట నాటి లెక్కయే వచ్చును.