బావినీటి కొలత – పద్ధతుల తారతమ్యము

(మన సంఘపు సమావేశమునందు కావేరిపట్టణపు వర్తకులొకరు చేసిన ప్రసంగ పాఠము)



నేను వర్తకుడను. తూనికయు, కొలతయు నా వృత్తికి ప్రాణములు. అంగడిలో వంద గ్రాములు తగ్గినచో కొనువారు ఊరకొనరు. కాని మన తోటలలో గంటకు వేలకొలది లీటర్ల నీరు బావులనుండి వెలువడుచుండగా, “ఎంత తోడితిరి?” అని యడిగినచో “రెండు గంటలు మోటారు వేసితిమి” అనియే బదులు వచ్చును. గంట కాలమునకు కొలతయే గాని నీటికి కొలత కాదు.

ఈ భేదము చిన్నది కాదు. మన కుటుంబములలో పెక్కింటికి ఉమ్మడి బావులు గలవు. తాత త్రవ్వించిన బావిలో నేడు నలుగురు మనుమలకు వంతులున్నవి. వంతులు గంటల లెక్కన సమానములే. కాని మొదటివాడు మోటారు వేయునప్పుడు బావి నిండుగా నుండును; నాల్గవవానినాటికి నీరు అడుగంటును. కాలము సమానమయ్యు నీరు సమానము కాదు. అన్నదమ్ముల నడుమ మాటలు తెగుట కిది యొక కారణమగుచున్నది.

పూర్వము కపిలతో తోడునాడు ఈ చిక్కు తక్కువ. బాన యెన్ని మారులు పైకి వచ్చెనో లెక్కించిన చాలును. కొలత పనిలోనే యిమిడియుండెను. పంపుసెట్టు శ్రమను తగ్గించినది గాని లెక్కను మాపినది. దానిని మరల తెచ్చుకొను మార్గములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది డ్రమ్ము పద్ధతి. 200 లీటర్ల డ్రమ్మును గొట్టము క్రింద నుంచి, నిండుటకు పట్టిన కాలమును గడియారముతో చూడవలెను. 50 సెకండ్లు పట్టినచో సెకండునకు 4 లీటర్లు, అనగా గంటకు 14,400 లీటర్లు. ఖర్చు లేదు, చదువు రానివారును చేయగలరు. అయితే ధార పెద్దదై డ్రమ్ము పది సెకండ్లలో నిండినచో, ఒక్క సెకండు పొరపాటు నూటికి పది పాళ్ల తప్పగును. కావున మూడు మారులు కొలిచి సగటు తీయవలెను. మరియు ఇది ఆ క్షణపు ధారనే చెప్పును. బావి తగ్గినకొలది ధారయు తగ్గును.

రెండవది కోణపు గండి పద్ధతి. కాలువకు అడ్డముగా నొక పలకను నిలిపి, దానిలో లంబకోణపు గండి కోసి, గండి మొనకు పైన నీరెంత యెత్తున నున్నదో కొంచెము ఎగువన కొలవవలెను. 10 సెంటీమీటర్ల ఎత్తునకు సెకండునకు సుమారు 4.4 లీటర్లు పారును. ఎత్తు రెట్టింపైనచో నీరు రెట్టింపు కాదు, అయిదున్నర రెట్లకు పైగా నగును. ధార మారుచున్నను వెంటవెంట చూచుకొనవచ్చుట దీని గుణము. అర సెంటీమీటరు పొరపడినను నూటికి పదమూడు పాళ్ల వరకు తప్పు వచ్చుట దీని దోషము.

మూడవది బావినే కొలపాత్రగా గొనుట. 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు గల బావిలో నీరొక మీటరు దిగినచో 48,000 లీటర్లు తగ్గినట్లు. కాని తోడుచుండగా ఊటయు వచ్చుచుండును. మూడు గంటలు తోడి ఆపినంతనే గంటకు 10 సెంటీమీటర్ల చొప్పున నీరు పైకి వచ్చినచో, ఊట గంటకు 4,800 లీటర్లు. దీనిని మూడింట హెచ్చవేసి 14,400 కలుపుట తగదు. ఏలయన బావి నిండుగా నున్నప్పుడు ఊట దాదాపు లేదు, నీరు దిగినకొలది పెరిగినది. అందులో సగము, అనగా 7,200 కలిపి, మొత్తము 55,200 లీటర్లనుట న్యాయము. త్రవ్విన బావులకు ఇది మేలైనది, బోరుబావులకు పనికిరాదు.

నాల్గవది నీటి మీటరు. ధార మారినను మొత్తమును తానే కూడుకొనును. కాని వెల గలది. ఇసుక చేరినచో చెడును. గొట్టము నిండుగా పారనిచో తప్పు చూపును.

అయిదవది విద్యుత్తు లెక్క. ఒక యూనిట్టు శక్తి, నష్టమే లేనిచో, 50 మీటర్ల లోతునుండి సుమారు 7,300 లీటర్లను పైకి తేగలదు. పంపు, మోటారు కలిసి నూటికి నలువది పాళ్లే పని చేసినచో వచ్చునవి 2,900 లీటర్లు మాత్రమే. కావున నీటి లోతును, పంపు సామర్థ్యమును ఎరుగక యూనిట్లను మాత్రమే చూచుట వ్యర్థము. పైగా తమిళనాట 1990 దశకారంభమునుండి సేద్యపు పంపులకు విద్యుత్తు ఉచితమగుటచే పెక్కింటికి మీటరే లేదు.

ఆరవది పైరు లెక్క. ఎకరము నేలపై ఒక అంగుళము నీరు నిలువవలెనన్న లక్ష లీటర్లకు పైగా కావలెను. పైరునకు కావలసిన నీటినుండి వానను తీసివేయగా మిగిలినది బావినుండి వచ్చినదని ఊహింతురు. ఊరి మొత్తమునకు ఇది చాలును. ఒక్కొక్క రైతునకు చాలదు.

ప్రభుత్వమువారును ఊహనే ఆశ్రయించుచున్నారు. 1997, 2015 సంవత్సరముల కేంద్ర నిర్ణయ పద్ధతుల ననుసరించి, బావుల సంఖ్యను సగటు తోడుదలచే హెచ్చవేయుట వాడుకలో నున్నది. తమిళనాట ఇటీవలి వరకు ఫిర్కాను ప్రమాణముగా గొనిరి. ఏటేట చేరు నీటిలో నూటికి 70 పాళ్లకు మించనిచో సురక్షితము. నూరు దాటినచో అతిగా తోడిన ప్రాంతము. సగటు తప్పినచో ఆ పేరును తప్పును. మన బావుల లెక్క మనయొద్ద లేనిచో, వారి లెక్క సరికాదనుటకు మనకు ఆధారమేది?

ఇది రైతులకు అసాధ్యమని తలపవలదు. 2000 తరువాతి దశాబ్దమున చిత్తూరు, అనంతపురము మొదలగు ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే వానను, బావుల నీటిమట్టమును, బోర్ల ధారను కొలిచి పుస్తకములందు వ్రాసిరి. ఉన్న నీటికి తగిన పైరును ఎన్నుకొనుటకు సభలు జరిపిరి. వారిదియు మనవంటి రాతినేలయే. రాతి పగుళ్లలో నిలుచు నీరు కొద్ది. పినాకిని చెంత నున్నాము గదాయని ధీమాపడరాదు.

నా అభిప్రాయము సంగ్రహముగా చెప్పెదను. ఏ పద్ధతియు సర్వోత్తమము కాదు. పనిని బట్టి పద్ధతి. ఉమ్మడి బావికి డ్రమ్ము మేలు: ప్రతి వంతు ఆరంభమునను, నడుమను, అంతమునను కొలిచి, సగటును కాలముచే హెచ్చవేయవలెను. దానినిబట్టి వంతుల కాలమును సరిదిద్దుకొనవచ్చును. లేదా నేడు మొదట తోడినవాడు రేపు కడపట తోడవలెను. త్రవ్విన బావి గలవారు మట్టపు లెక్కతో దానిని సరిచూచుకొనవలెను. మామిడిగుజ్జు పరిశ్రమలవంటి పెద్ద వాడుకదార్లు మీటరు నుంచుకొనుట ధర్మము.

చిట్టా వ్రాయని అంగడి ఎట్లు నష్టపోవునో మన కందరకు తెలియును. బావికిని ఒక చిట్టా యుండవలెను. ఈ వేసవికి ముందే ఉమ్మడి బావి గల ప్రతి కుటుంబమును ఒక డ్రమ్మును, ఒక పుస్తకమును సిద్ధపరచుకొనవలెనని కోరుచున్నాను.