పందిరి ద్రాక్ష – మితమైన కాపు
(ద్రాక్ష రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నిన్న కత్తిరింపు తరగతిలో ఒక పెద్దాయన నన్ను ఇట్లడిగినారు: "కాచిన గుత్తులను తీసి పారవేయమంటిరి. ఆ నష్టము ఎవరు భరింతురయ్యా?" ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబుగా ఇటలీ దేశములోని ఒక ద్రాక్ష సీమ సంగతి చెప్పెదను. అచ్చటి పంట వైనుగా మారును. మద్యము త్రాగుమని చెప్పుట నా ఉద్దేశము కాదు. వారి సేద్యములో మనము నేర్వదగిన పాఠము కలదు.

ఉత్తర ఇటలీలో వెరోనా నగరమునకు తూర్పున సొవావే అను చిన్న ఊరు కలదు. ఆ ఊరి పేరే అచ్చటి తెల్ల వైనుకును వచ్చినది. అక్కడి కొండవాలులలో కొంత మేర అగ్నిపర్వత శిలల నుండి ఏర్పడిన నల్లని నేల, కొంత మేర సున్నపురాతి నేల ఉన్నవి. ముఖ్యమైన రకము గర్గానెగ. నిబంధన ప్రకారము ఆ వైనులో ఇది నూటికి 70 పాళ్లకు తగ్గరాదు. తీగ బలముగా సాగును, విరివిగా కాచును, ఆలస్యముగా పండును. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో కోయుదురు.

తీగను పెంచు పద్ధతి మనకు కొత్త కాదు. అదియు పందిరియే. హైదరాబాదు చుట్టుపట్ల అనాబ్-ఎ-షాహి తోటలను పందిళ్లపై పెంచిన సంగతి మీరెరుగుదురు. ఆకుల నీడ గుత్తులను ఎండదెబ్బ నుండి కాపాడును. కాని పందిరిపై కాపును అదుపు చేయనిచో విపరీతముగా కాచును.

వైను చేయుటలో వారు కాయను మెల్లగా పిండి, తొక్కలను వేరుచేసి, రసమును చల్లబరచి తేర్చెదరు. తరువాత స్టీలు తొట్లలో సుమారు 15 నుండి 18 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో పులియబెట్టెదరు. వేడిమి హెచ్చినచో సువాసన పోవును. చాలవరకు మరుసటి వసంతములోనే సీసాలకెక్కును. తాజాతనమే దాని గుణము. కావున కాయలో సారము లేనిచో ఆ లోపమును కప్పిపుచ్చుటకు వీలు లేదు.

ఇక అసలు సంగతి. 1968లో ఈ వైనుకు ప్రభుత్వ గుర్తింపు లభించినది. హద్దులు కొండలు దాటి సారవంతమైన మైదానమునకు వ్యాపించినవి. విదేశములలో, ముఖ్యముగా అమెరికాలో, గిరాకీ పెరిగినది. చాలమంది దిగుబడి వెంట పరుగెత్తిరి. వైను పలుచనైనది. సొవావే అనగా చవక సరుకని పేరు పడినది. కొండపై శ్రద్ధగా మితమైన కాపు తీసిన రైతుకును అదే పేరు, అదే ధర! తప్పు చేయని వాడును నష్టపోయినాడు.

పోయిన పేరు తిరిగి తెచ్చుటకు దశాబ్దములు పట్టినది. కొందరు రైతులు పట్టుదలతో కాపు తగ్గించిరి. 2001లో సొవావే సుపెరియోరె అను పై తరగతి ఏర్పడినది. దీనికి హెక్టారుకు 10 టన్నులు, అనగా ఎకరమునకు సుమారు 4 టన్నులే హద్దు. 2018లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆ కొండ తోటలను ప్రపంచ వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది.

ఈ 4 టన్నుల లెక్కను మీరు అనుకరింపవలదు. మన వాతావరణము వేరు, మన రకములు వేరు, మనది తినెడి ద్రాక్ష. కాని సూత్రము ఒక్కటే. ఆకులే తీగకు వంటశాల. వంట పది మందికైనచో ఇరవై మందిని పంక్తిలో కూర్చుండబెట్టరాదు.

కావున నా మాట మీద నమ్మకము ఉంచనక్కరలేదు. ఒక వరుసలో పిందె పడగానే చిన్నవి, ఒత్తుగా ఉన్నవి అయిన గుత్తులను తీసివేయుడు. ప్రక్క వరుసను అట్లే విడువుడు. కోతనాడు రెండింటి తూకము, తీపి, వచ్చిన ధర పుస్తకములో వ్రాసికొనుడు. పెద్దాయన ప్రశ్నకు జవాబు మీ లెక్కలలోనే దొరకును. తీసిన గుత్తుల నష్టము ఒక రైతుది, ఒక్క పంటది. తీయని గుత్తుల నష్టము కొన్నాళ్లకు ఊరందరిది.