గాలం కర్ర ఏ చేతికి, హ్యాండిల్ ఏ చేతికి

ఈ సభ నిర్వాహకులు నన్ను మూడు సంగతులు చెప్పమన్నారు. బెయిట్‌కాస్టింగ్ రీలు కొనేటప్పుడు హ్యాండిల్ ఎడమ పక్క ఉండాలా కుడి పక్క ఉండాలా, బ్రేకులు ఎట్లా సరిచేసుకోవాలి, దారం ఏది వెయ్యాలి. మూడూ చెప్పాలనే వచ్చాను. పోచంపాడు నీళ్లను పక్కన పెట్టుకుని బతికే బాల్కొండ వాళ్లకు గాలం గొప్పతనం వేరే చెప్పనక్కర్లేదు గనుక ఆ భాగం వదిలేస్తున్నాను.

ముందుగా నా తీర్పు చెప్పేస్తాను, వాదన తర్వాత. కుడిచేతివాటం ఉన్నవాళ్లు, మన చెరువుల్లో కొర్రమట్ట కోసం కప్ప బొమ్మ విసిరేవాళ్లు, హ్యాండిల్ ఎడమ పక్క ఉన్న రీలే కొనాలి. ఎందుకో చూడండి. కొర్రమట్ట లోతులో తిరిగే చేప కాదు. గాలి పీల్చుకోవడానికి అప్పుడప్పుడూ పైకి రాక తప్పదు, అందుకే తుంగ పక్కన, తామరాకుల సందుల్లో, గుర్రపుడెక్క అంచున కాచుకుని ఉంటుంది. రబ్బరు కప్ప నీళ్ల మీద తేలుతుంది. దాని రెండు ముళ్లూ వీపుకు ఆనుకుని పైకి చూస్తుంటాయి, గడ్డికి తగలవు. ఆ బొమ్మ ఆకు మీద పడి నీళ్లలోకి జారిన క్షణమే చాలాసార్లు చేప అందుకునే క్షణం. ఇప్పుడు కుడిపక్క హ్యాండిల్ రీలు పట్టుకున్న మనిషి ఏం చేస్తున్నాడు? కుడిచేత్తో విసిరాడు. కర్రను ఎడమచేతికి మార్చుకోవాలి, రీలును అరచేతిలో ఇముడ్చుకోవాలి, కుడిచెయ్యి హ్యాండిల్ వెతుక్కోవాలి. ఈలోగా దారం వదులుగా నీళ్ల మీద పడుంటుంది, స్పూలు మీద బొటనవేలు లేదు. చేప కొట్టింది, కప్పను వదిలింది, వెళ్లిపోయింది. హ్యాండిల్ ఎడమ పక్క ఉంటే కుడిచెయ్యి కర్రను వదలదు, బొటనవేలు స్పూలును వదలదు. ఎడమచేత్తో ఒక్క పావు చుట్టు తిప్పితే క్లచ్ పడుతుంది, దారం బిగుస్తుంది. కప్ప బొమ్మ మింగిన చేపకు ముల్లు దిగాలంటే కర్రను గట్టిగా పైకి లాగాలి. ఆ ఊపు బలమైన చేతిలోనే ఉంటుంది.

ఇంత తేలిగ్గా కనిపించే సంగతి మరి లోకానికి ఎందుకు పట్టలేదు? ఇక్కడ గడియారాలవాళ్ల గురించి చెప్పాలి. బెయిట్‌కాస్టింగ్ రీలుకు పుట్టినిల్లు అమెరికాలోని కెంటకీ రాష్ట్రం. 1800ల తొలి దశకాల్లో అక్కడ ప్యారిస్ అనే ఊళ్లో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు, హ్యాండిల్ ఒక చుట్టు తిరిగితే స్పూలు అనేక చుట్లు తిరిగే రీలు చేశాడు. ఆ తర్వాత అదే రాష్ట్రంలో పేరు తెచ్చుకున్న మీక్ సోదరులదీ గడియారాల పనే. స్వీడన్‌లో స్వెంగ్‌స్టా అనే ఊరి ఆబు కంపెనీ 1921లో మొదలైంది గడియారాల కర్మాగారంగానే. జేబు గడియారాలు, ట్యాక్సీ మీటర్లు చేసిన చేతులే తర్వాత రీళ్లు చేశాయి. 1950ల మొదట్లో వచ్చిన అంబాసడర్ 5000 ఆ చేతుల పనే. పక్క మూత విప్పి చూస్తే తెలుస్తుంది. ఇత్తడి పళ్ల చక్రం, దానికి అమరిన చిన్న పినియన్, డ్రాగ్ పలకలు, క్లచ్, అన్నీ హ్యాండిల్ ఉన్న ఒక్క పక్కనే ఇమిడి ఉంటాయి. అందుకే స్పిన్నింగ్ రీలు మాదిరి హ్యాండిల్ ఊడదీసి అటుపక్క బిగించడం దీనికి కుదరదు. ఎడమ రీలు కావాలంటే లోపలి అమరికంతా అద్దంలో బొమ్మలాగా మళ్లీ చెయ్యాలి. దారాన్ని వరుసగా పేర్చే లెవెల్ వైండ్‌ను 1890ల్లో విలియం షేక్‌స్పియర్ తెచ్చాక రీలుకు ముందూ వెనకా కూడా ఏర్పడ్డాయి. నాటకాల షేక్‌స్పియర్ కాదు, మిషిగన్ రాష్ట్రం కలమజూ ఊరాయన. ఇక రీలును తిప్పి బిగించుకునే వీలూ పోయింది. రెండు రకాలు చెయ్యడం ఖర్చు, ఒక్క రకం చెయ్యడం లాభం. ఆ ఒక్క రకం కుడిది అయింది. జనం దాన్నే పద్ధతి అనుకున్నారు.

గడియారాల మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. ఒకప్పుడు నిజామాబాద్ బజార్లో కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్న రిపేరు మనుషులు కనిపించేవాళ్లు. సూది మొన మీద నూనె చుక్క తీసుకుని ఏ ఇరుసుకు ఎంత పెట్టాలో వాళ్లకు తెలుసు. ఇప్పుడు గడియారం ఆగితే పారేస్తున్నాం, రీలు గరగరమంటే కొత్తది ఆర్డరు పెడుతున్నాం. వేలకు వేలు పోసి కొన్న రీలులో పోచంపాడు ఒండ్రు చేరితే కడిగేవాడు లేడు. ఆ ఒండ్రు సంగతి చిన్నది కాదు. 112 టీఎంసీల లెక్కతో పోచంపాడులో కట్టిన శ్రీరాంసాగర్ ఇవాళ 80 టీఎంసీలకు వచ్చిందంటే మిగిలినదంతా ఆ మట్టే. ప్రాజెక్టులో పూడిక తియ్యడం మన చేతుల్లో లేదు, రీలులోది తియ్యడం ఉంది. ఏడాదికొకసారి మూత విప్పి, పాత గ్రీజు తుడిచి, బేరింగులకు ఒక్కొక్క చుక్క నూనె వేస్తే ఆ రీలు మీ పిల్లలకూ పనికొస్తుంది. నూనె డబ్బా బోర్లిస్తే మాత్రం పనికిరాదు.

మళ్లీ చేతుల దగ్గరికి. హ్యాండిల్ కుడి పక్క ఉండటం మన ఒంటి తీరును బట్టి వచ్చిందంటే నేను ఒప్పుకోను. దీనికి రుజువు స్పిన్నింగ్ రీలే. 1905లో ఇంగ్లండులో ఇల్లింగ్‌వర్త్ అనే బట్టల మిల్లు యజమాని, మిల్లులోని కండె చూసి, స్పూలు కదలకుండా దారం మాత్రమే జారిపోయే రీలు చేశాడు. ఇవాళ మనం వాడే స్పిన్నింగ్ రీళ్లన్నీ ఆ వంశానివే. అవి హ్యాండిల్ ఎడమ పక్క బిగించే అమ్ముడవుతాయి. ఈ సభలో ఉన్న కుడిచేతివాటం వాళ్లు దాన్ని ఎడమచేత్తోనే తిప్పుతున్నారు, ఒక్కరూ కష్టమనలేదు. ఆ మనిషే బెయిట్‌కాస్టింగ్ రీలు తీసుకోగానే కుడిచేత్తో తిప్పాలంటాడు. చెయ్యి అదే, చేప అదే, మారింది రీలు కూర్చున్న చోటు మాత్రమే. అటువంటప్పుడు కారణం అలవాటే, కండరం కాదు.

ఎడమచేతివాటం వాళ్లు చేతులెత్తండి అంటే ఇందాక నలుగురు ఎత్తారు. అందులో ఒకాయన ఎత్తింది కుడిచెయ్యి. నవ్వకండి, ఆయన తప్పు కాదది. పుర్రచెయ్యి అని ఎగతాళి చేసి, అన్నం దగ్గరా పలక దగ్గరా మొట్టికాయలు వేసి మార్చిన తరాలు మనవి. లోకంలో పదిమందికి ఒకరు పుర్రచేతివాళ్లే, మన ఊళ్లలో లెక్కకు అంతమంది కనపడకపోవడానికి ఆ మొట్టికాయలూ ఒక కారణం. ఆ నలుగురికీ నేను చెప్పేది తిరగబడుతుంది. మీరు ఎడమచేత్తో విసురుతారు కాబట్టి కర్ర ఎడమచేతిలోనే ఉండనివ్వండి, బజార్లో ఎక్కడైనా దొరికే కుడిపక్క రీలే మీకు సరిపోతుంది. కంపెనీలు మీకు తెలియకుండానే మీకు మేలు చేశాయి.

నా మాటకు అభ్యంతరాలు లేకపోలేదు. పెద్ద చేప పడితే తిప్పడానికి బలమైన కుడిచెయ్యే కావాలి కదా అంటారు. గట్టి వాదనే. కానీ గేట్ల దిగువన బొచ్చో వాలుగో పడినప్పుడు చేపను తెచ్చేది హ్యాండిల్ కాదు. కర్రను మెల్లగా పైకి లేపి, దించేటప్పుడు వదులైన దారాన్ని చుట్టుకుంటాం. బరువంతా కర్ర పట్టిన చేతి మీదే పడుతుంది, హ్యాండిల్‌ది దారం పోగేసే పని. పావుగంట పెనుగులాటలో ముందు నొప్పి పుట్టేది కర్ర పట్టిన ముంజేతికే.

ఇంకొకటి చదువుకున్నవాళ్ల అభ్యంతరం. కుడిచేతివాటం వాళ్ల రెండు చేతుల పనిలో ఎడమచెయ్యి ఆధారంగా నిలబడుతుందని, కుడిచెయ్యి సూక్ష్మమైన పని చేస్తుందని ఫ్రెంచి పరిశోధకుడు ఈవ్ గియార్ 1987లో సిద్ధాంతం చేశారు. చెరకు నరికేవాళ్లను చూడండి, బోధన్ పక్క ఎవరినడిగినా చెబుతారు, ఎడమచెయ్యి గడను పడుతుంది, కుడిచెయ్యి కత్తి వేస్తుంది. మరి కర్రను ఎడమచేత్తో పట్టి కుడిచేత్తో తిప్పడమే సహజం కదా? కాదంటాను. ఇక్కడ సూక్ష్మమైన పని ఏదో ముందు తేల్చుకోవాలి. హ్యాండిల్ ఒకే చుట్టులో గుండ్రంగా తిరుగుతుంది, ఎటూ పోలేదు. కప్ప బొమ్మను అటొక అడుగు ఇటొక అడుగు నడిపించడం, ఆకు మీద ఆపడం, చేప నోట్లో పూర్తిగా పడేదాకా ఒక్క క్షణం ఓర్చుకోవడం, అదంతా కర్ర కొసలో జరుగుతుంది. గియార్ మాట ప్రకారమే చూసినా కర్ర కుడిచేతికే వస్తుంది.

ఒక చోట మాత్రం నేను వెనక్కి తగ్గుతాను. పిండి ముద్ద పెట్టి, కర్రను గట్టు మీద పంగలకర్రకు ఆనించి, రవ్వ కోసం గంటలు కూర్చునేవాళ్లకు ఈ చర్చ అక్కర్లేదు. చేతులు మార్చుకోవడానికి వాళ్లకు కావలసినంత సమయం ఉంది. నీళ్లను బలంగా తోసుకుని వచ్చే పెద్ద క్రాంక్‌బెయిట్లు రోజంతా లాగేవాళ్లు కుడిచేత్తో తిప్పుకుంటే తప్పు పట్టను. ఇరవై ఏళ్లుగా కుడి రీలు వాడి, బొమ్మ గాలిలో ఉండగానే చెయ్యి మార్చేవాళ్లు ఉన్నారు, వాళ్ల జోలికీ పోను. నా మాట ఇవాళ మొదటి రీలు కొంటున్న కుర్రవాళ్లకు. కొనేటప్పుడు పెట్టె మీద నంబరు చూడండి. ఆబులో 6500 కుడిది, 6501 ఎడమది. షిమానో కంపెనీ కురాడోలో 200 కుడిది, 201 ఎడమది. ఎడమ రీలు అంటే ఎడమచేతివాటం వాళ్లదని దుకాణంలోనే పొరబడి, అవసరం లేనిది అంటగడుతున్నారు.

చీటీ పంపారు, సమయం అయిపోయిందట. బ్రేకులకు పక్క నాబు బిగించి, ఎర తనంతట తాను మెల్లగా దిగేలా పెట్టుకుని అక్కడినుంచి సరిచేసుకోండి. దారం గడ్డిలో అయితే అల్లిక దారమే, లావుది. వానలు మొదలయ్యాక ఎర్రటి పిల్లల గుంపును కాపలా కాసే కొర్రమట్ట మీద గాలం వెయ్యకండి, కోపంతో కొడుతుంది గనుక సులువుగా పడుతుంది, దాని పిల్లలు మిగలవు. చెరువు మీద హక్కు మత్స్యకార సంఘానిది, వాళ్లను అడగకుండా గట్టు దిగొద్దు. బ్రేకుల మీద ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, రీలు సంచిలోనే ఉంది, విప్పి చూపిస్తాను.