వైద్యశాలలో వంతు, వైద్యుని పేరు
(రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ వేళ వైద్యశాల ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. తెలుగునాట గ్రంథాలయోద్యమము కేవలము కాలక్షేపమునకై పుట్టినది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో అచ్చటనే ఆరంభమైన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రతో పాటు ప్రకృతిశాస్త్ర గ్రంథములను గూడ తెలుగున ప్రకటించినది. తెలియక నష్టపడువానికి తెలియజేయుటయే ఆ పెద్దల ఆశయము. నేడు పల్లెవాడు తెలియక నష్టపడు తావులలో వైద్యశాల యొకటి.

అక్కన్నపేట 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన వేళ కరీంనగరము నుండి విడివడి, సిద్దిపేట జిల్లాలో మండల కేంద్రమైనది. పాలన దగ్గరైనను పెద్ద వైద్యము ఇంకను ప్రయాణమునే కోరుచున్నది. చిన్న జబ్బునకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, దానిని మించినచో హుస్నాబాదు, ముదిరినచో సిద్దిపేట, కరీంనగరము, హనుమకొండ. ఇదియే రోగి నడచు దారి. తెల్లవారుజామున బస్సెక్కిన కూలిమనిషి ఓ.పి. చీటీ వరుసలో నిలుచును. వంతు వచ్చుసరికి వేళ ముగియును. లేదా ఆ రోగమును చూచు వైద్యుడు ఆనాడు రాడని తెలియును. రోగి కూలి పోయినది, తోడు వచ్చినవాని కూలియు పోయినది, రోగము అట్లే యున్నది. మరునాడు మరల పోవుటకు చేయి ఆడదు. ఇట్లు వాయిదాపడిన దగ్గు క్షయ యనియు, తల తిరుగుట రక్తపుపోటనియు ఆలస్యముగా బయటపడిన ఇండ్లు పల్లెలలో తక్కువ కాదు.

దీనికంతకు వైద్యుని నిందించుట న్యాయము కాదు. గ్రామమునకు చేరువలో వైద్యముండవలెనని 1946లో భోర్ సంఘము సూచించినది. 1952లో ఆరంభమైన సముదాయాభివృద్ధి పథకముతో ఆరోగ్య కేంద్రములు వెలసినవి. మైదాన ప్రాంతమున 30,000 జనాభాకు ఒక కేంద్రమని ప్రమాణము. అచ్చటి వైద్యాధికారి రోగులను చూచుటయేగాక టీకాల పనిని, పై అధికారుల సమీక్షలను గూడ మోయవలెను. ఆరు గంటలలో 100 మంది వచ్చినచో ఒక్కొక్కరికి నాలుగు నిమిషములైనను దక్కవు.

వంతు దొరికిన పిదప రెండవ చిక్కు మొదలగును. తనను చూచినవారెవరో రోగికి తెలియదు. తెల్లకోటు ధరించిన ప్రతివారును అతనికి డాక్టరే. ఉపకేంద్రములలో పల్లె దవాఖానాలు ఏర్పడిన పిదప కొన్నిట ఎం.బి.బి.ఎస్. వైద్యుడు, కొన్నిట ఆయుర్వేద వైద్యుడు, కొన్నిట శిక్షణ పొందిన నర్సు రోగులను చూచుచున్నారు. బోధనాసుపత్రిలో హౌస్ సర్జన్, పై చదువు చదువుచున్న వైద్యుడు, ఆచార్యుడు వరుసగా వచ్చిపోవుదురు. అచ్చట ప్రతి విభాగమును యూనిట్లుగా విభజించి, ఒక్కొక్క యూనిట్‌కు ఓ.పి. దినములు ఏర్పరతురు. ఈ సంగతి తెలియక వేరొక దినమున పోయినవానిని వేరొక యూనిట్ వారు చూతురు. జబ్బు కథ మొదటినుండి చెప్పవలసివచ్చును. పరీక్షలు మరల జరుగవచ్చును. నర్సు పనిని నర్సు చేయుట లోపము కాదు. చేసినవారెవరో రోగికి తెలియకపోవుటయే లోపము. మందు పడక ఒళ్లంతయు దద్దురులు లేచిననాడు ఎవరిని అడుగవలెనో తెలియనివాడు, మందునే మానివేయును.

ఊరిలో అర్ధరాత్రియైనను పలుకువాడు ఆర్.ఎం.పి. అతనిపై జనులకు గల నమ్మకమునకు కారణము అతని చదువు కాదు, అందుబాటు. ప్రథమ చికిత్సకు మించి అతడు చేయరాదనియు, ఆ మూడక్షరములు వైద్య మండలిలో నమోదైనట్లు గుర్తు కాదనియు అందరును ఎరుగవలెను.

ఈ చిక్కు పల్లెకే పరిమితము కాదు. 2013లో ఇంగ్లండున కేట్ గ్రేంజర్ అను వైద్యురాలు తానే క్యాన్సరు రోగియై ఆసుపత్రిలో చేరినప్పుడు, తనను చూడవచ్చినవారు పలువురు తమ పేరైనను చెప్పకపోవుట గమనించినది. 'నమస్కారము, నా పేరు ఇది' యని ప్రతి సిబ్బందియు ముందుగా చెప్పవలెనని ఆమె ఉద్యమించినది. 2016లో ఆమె మరణించినను ఆ ఆచారము అనేక వైద్యశాలలకు వ్యాపించినది.

మన దేశమున చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ననుసరించి వైద్యుడు తన నమోదు సంఖ్యను చికిత్సాలయమున కనబడునట్లు ఉంచవలెను. మందుల చీటీ మీదను, రశీదు మీదను వ్రాయవలెను. రోగి తన చికిత్సా పత్రములను కోరినచో 72 గంటలలో ఇయ్యవలెను. జాతీయ మానవ హక్కుల సంఘము 2018లో రూపొందించిన రోగి హక్కుల పత్రమున, చికిత్స చేయువారి పేరును, వృత్తిస్థాయిని తెలిసికొనుట హక్కుగా పేర్కొనబడినది. ప్రాణాపాయ స్థితిలో చట్టపు లాంఛనముల పేరిట చికిత్సను ఆపరాదని 1989లోనే సర్వోన్నత న్యాయస్థానము తీర్పునిచ్చినది.

హక్కు కాగితముమీద నుండుట వేరు, రోగి నోట పలుకుట వేరు. ఈ నడుమ వంతెన గ్రంథాలయము కావచ్చును. దగ్గరి వైద్యశాలలలో ఏ రోగమునకు ఏ దినమున, ఏ వేళ చూతురో విచారించి నెలకొకమారు గోడపలక మీద వ్రాయవచ్చును. చదువరులైన యువకులు సాయంకాలము ఒక గంట కూర్చుండి వృద్ధుల చీటీలు చదివి చెప్పవచ్చును. ఫోనులో వంతు నమోదు చేయుటకు తోడ్పడవచ్చును. ఇంటింట ఒక చిన్న పుస్తకముంచి, వైద్యశాలకు పోయినప్పుడెల్ల మూడు మాటలు వ్రాయించుకొనుట అలవాటు కావలెను: చూచినవారి పేరు, వారి హోదా, మరల రావలసిన దినము. వినయముగా అడిగినచో మంచి వైద్యుడు కోపించడు. తన రోగి తిరిగి తనయొద్దకే వచ్చుట అతనికిని మేలు.

25 సంవత్సరములు పుస్తకము నెవరు తీసికొనిపోయిరో, ఎన్నడు తెచ్చిరో తప్పక వ్రాసిన సంస్థ యిది. పుస్తకమునకు చూపిన ఆ శ్రద్ధను రోగియైన పాఠకునికి గూడ చూపుట దీనికి భారము కానేరదు.