నిద్రమత్తులో నడక వద్దు, నడిపించడం అసలే వద్దు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బి.పి., షుగరుల గురించి మనకు చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను మన పిల్లల ప్రయాణాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

సంక్రాంతి వస్తే హైదరాబాదులోని అబ్బాయి సాయంత్రం ఆఫీసు ముగించుకొని, లాప్‌టాప్ సంచి వెనక సీటులో పడేసి కారు తీస్తాడు. విశాఖకు సుమారు 620 కిలోమీటర్లు. మనమేమో "తెల్లారేసరికి వచ్చేస్తావు కదా, బాబూ?" అని ఫోనులో అడుగుతూ ఉంటాం.

ఉదయం 6 గంటలకు లేచినవాడు రాత్రి 11 అయ్యేసరికి 17 గంటలు మేలుకొని ఉన్నట్లు. అంతసేపు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూపారు. మన చట్టం డ్రైవరుకు పెట్టిన హద్దు 0.03 శాతమే. చుక్క ముట్టని బుద్ధిమంతుడికీ ఈ మత్తు తప్పదు. దీన్ని పట్టే యంత్రం పోలీసుల దగ్గర లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్లు రెప్ప వాలితే, బండి దాదాపు 90 మీటర్లు చూసేవాడు లేకుండా పోతుంది.

రాత్రి 2 నుంచి 6 వరకు శరీరం నిద్రనే కోరుతుంది. ఉక్కు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి, పోర్టు లారీల మధ్య గాజువాక మీదుగా స్కూటరుపై ఇంటికి వచ్చే మన కుర్రాళ్ళకూ ఇదే ప్రమాదం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే, 5 గంటలు పనిచేసిన డ్రైవరుకు అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది. మన పోలీసులు రాత్రిపూట లారీలు ఆపి డ్రైవర్లచేత ముఖం కడిగించడం మంచి పనే. కాని చన్నీళ్ళ ప్రభావం కాసేపే. కాఫీ పనిచేయడానికీ ఇంచుమించు అరగంట పడుతుంది. నిద్రకు మందు నిద్రే. పెట్రోలు బంకు వంటి వెలుతురున్న చోట బండి ఆపి, తలుపులు వేసుకొని 20 నిమిషాలు పడుకోవాలి.

ఆగిన చోటే రెండో ప్రమాదం. మనిషి టీకి దిగి వచ్చేలోగా అద్దం పగలగొట్టి సంచి పట్టుకుపోతారు. అందువల్ల:

1. లాప్‌టాప్‌ను బయలుదేరే ముందే డిక్కీలో పెట్టాలి. ఆగాక అందరూ చూస్తుండగా పెట్టడం దొంగకు చోటు చూపించడమే.

2. రైలులో అయితే కింది బెర్తు కింద ఉండే రింగుకు గొలుసు వేయాలి. బుక్ చేయని సామాను పోతే, సిబ్బంది తప్పు రుజువైతే తప్ప రైల్వే బాధ్యత వహించదు.

3. మన ఆఫీసుల్లో ప్రతి కుర్చీకీ స్టాకు రిజిస్టరులో నంబరు ఉండేది. అలాగే లాప్‌టాప్ సీరియల్ నంబరును డైరీలో రాసి, బిల్లు ఇంట్లో ఉంచాలి.

4. రైలులో పోతే 139కి ఫోను చేయాలి. తుని దగ్గర పోయినా విశాఖలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టంలో ఈ వీలు స్పష్టంగా ఉంది. పాస్‌వర్డులు వెంటనే మార్చాలి, ఆఫీసుకు తెలియజేయాలి.

లాప్‌టాప్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు. మనిషి సంగతి అలా కాదు. కనుక పెద్దలుగా మనం చేయవలసింది ఒకటుంది. బండి నడుపుతున్నవాడికి పదేపదే ఫోను చేయవద్దు. ఆగినప్పుడు వాడినే చేయమందాం. "రాత్రి పడుకొని పొద్దున్నే బయలుదేరు, నాయనా! భోగికి అందకపోతే కనుమకు రా" అని మనమే ముందుగా చెబుదాం. మనం చెబితే వాళ్ళు ఆగుతారు.